రోడ్డు కంటే పల్లమైపోయిన పాత గదిలోకి వెలుతురు తేవడం: మండువా ఇళ్ల వాళ్లకి సమగ్ర మార్గదర్శి

మా తాతగారు కట్టిన మండువా ఇంట్లో, అంటే నడిమధ్య కప్పు లేకుండా ఆకాశానికి తెరిచి ఉండే పాతకాలం ఇంట్లో, పడమటి వైపు ఒక గది ఉంది. ధాన్యం కొట్టు అంటాం. నా చిన్నప్పుడు వీధిలోంచి ఆ గదికి రెండు మెట్లు ఎక్కేవాళ్లం. ఇప్పుడు మూడు మెట్లు దిగాలి. ఇల్లు కుంగలేదు. వీధిలో మొదట కంకర పోశారు, తర్వాత తారు వేశారు, ఆ తర్వాత సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేశారు. రోడ్డు పెరిగిన కొద్దీ ఇల్లు గోతిలో పడింది. కోనసీమలో, పాలకొల్లు, నరసాపురం వైపు పాత ఇళ్లున్న చాలా వీధుల్లో ఇలాంటి గదులు కనిపిస్తాయి. పాత సామాను, ఖాళీ గోనె సంచులు, విరిగిన మంచం పడేసి తలుపేసేస్తారు.

ఆ గదిని మా అమ్మ పగలంతా కూర్చునే గదిగా మార్చుకున్నాం. మొదటిసారి తప్పు చేశాం. రెండోసారి సరిగ్గా వచ్చింది. ఆ రెండు అనుభవాలూ కలిపి, పని జరిగే వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట స్పష్టం చేయాలి. మన ఊళ్లలో బేస్‌మెంట్ అంటే పునాది మీద నేల మట్టం వరకు లేపే కట్టుబడి. నగరాల్లో, బయట దేశాల్లో బేస్‌మెంట్ అంటే భూమిలోకి తవ్వి కట్టిన గది. మన గోదావరి డెల్టాలో అలా తవ్వే ఆలోచనే పెట్టుకోకండి. కాలువలు పారే రోజుల్లో చాలా ఊళ్లలో నాలుగైదు అడుగులు తవ్వితే నీళ్లు వచ్చేస్తాయి. చుట్టూ నీళ్లున్న గొయ్యిలో గది కట్టడమంటే పడవ కట్టినట్టే. అది వేరే విద్య, వేరే ఖర్చు. మనకున్నది తవ్వని బేస్‌మెంట్, అంటే పల్లమైపోయిన గది. దాన్ని బాగుచేసుకోవచ్చు.

మొదటి మెట్టు: ఒక ఏడాది చూడండి

ఇది ఎవరికీ నచ్చదు. అయినా మొదట చెప్పాల్సింది ఇదే. గదిని కనీసం రెండుసార్లు చూడకుండా మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకండి. ఒకసారి వైశాఖంలో, కాలువలు కట్టేసి ఉన్నప్పుడు. ఇంకోసారి భాద్రపదంలో, కాలువలు నిండుగా ఉండి, చేలల్లో నీళ్లు నిలిచి, వానలు పడుతున్నప్పుడు. డెల్టాలో భూగర్భ జలం కాలువతో పాటే లేస్తుంది, దిగుతుంది. ఏప్రిల్‌లో పొడిగా కనిపించిన గోడ సెప్టెంబరులో నడుము దాకా తడిసి ఉండొచ్చు. మేం మొదటిసారి చేసిన తప్పు ఇక్కడే మొదలైంది. మే నెలలో చూసి "గోడ బాగానే ఉంది కదా" అనుకున్నాం.

చూడటం అంటే కొలవడం. దొడ్లో బావి ఉంటే ఒక తాడుకి రాయి కట్టి, నెలకోసారి బావి గట్టు నుంచి నీటి మట్టం ఎంత లోతులో ఉందో రాసుకోండి. బావి లేకపోతే దొడ్లో మనిషి లోతు గొట్టం దించి, అందులో కొలవండి. ఆ మట్టాన్ని గది నేలతో పోల్చాలి. దానికి మేస్త్రీల దగ్గరుండే నీళ్ల గొట్టం చాలు. పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపి ఒక కొస బావి గట్టు దగ్గర, ఇంకో కొస గదిలో పట్టుకుంటే రెండు చోట్లా నీళ్లు ఒకే మట్టానికి వచ్చి నిలబడతాయి. అదే గొట్టంతో రోడ్డు, మండువా మధ్యలో వాన నీళ్లు పడే కుండీ, దొడ్లోని మురుగు బోదె, పక్కింటి నేల కూడా కొలిచి ఒక కాగితం మీద గీసుకోండి. నీరు పల్లమెరుగు అన్నారు. మీ ఇంటి చుట్టూ ఏది పల్లమో నీటికి ముందే తెలుసు, మీకు తెలియాలి కదా.

నా లెక్క ఇది: భాద్రపదంలో నీటి మట్టం గది నేలకి రెండడుగుల లోపుకి వస్తుంటే ఆ నేలని అలాగే ఉంచి గదిని బాగుచేయాలనుకోవద్దు. నేల ఎత్తు పెంచాలి. పెంచితే తల తగిలేటట్టుంటే ఆ గదిని సామాన్ల గదిగానే వదిలేయాలి. మనుషులు ఉండే గదికి నేల నుంచి పైకప్పు వరకు తొమ్మిది అడుగులైనా ఉండటం మంచిది.

గోడ చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కాగితం తీసుకుని నాలుగు అంచులూ టేపుతో గోడకి అతికించి రెండు రోజులు ఉంచండి. కాగితం వెనక, అంటే గోడ వైపు నీటి చుక్కలు కనిపిస్తే చెమ్మ గోడలోంచి వస్తోంది. గది వైపు చెమరిస్తే గాలిలోని తేమ చల్లని గోడకి తగిలి నీరవుతోంది. రెండు జబ్బులకీ మందు ఒకటి కాదు. నేల నుంచి పైకి పాకే చెమ్మ మామూలుగా మూడు, నాలుగు అడుగుల ఎత్తున ఆగిపోతుంది. ఆ ఎత్తులో ఉప్పు తేలిన తెల్లని గీత కనిపిస్తుంది. పైకప్పు దగ్గర మరక ఉంటే అది పెంకు జారడం వల్ల వచ్చింది. అది వేరే పని.

మా గదిలో ఇంకో గీత కూడా ఉంది. 1986 ఆగస్టు గోదావరి వరదప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో పెద్దనాన్న గోడ మీద మేకుతో గీసిపెట్టారు. ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మీ ఇంట్లోనూ అలాంటి గీత ఉందేమో పెద్దవాళ్లని అడగండి. స్విచ్‌బోర్డులు, బీరువా, బియ్యం డబ్బా ఏ ఎత్తున పెట్టాలో ఆ గీత చెబుతుంది. మేం దాన్ని చెరపలేదు. కొత్త పూత వేసినప్పుడు అదే మట్టంలో మళ్లీ గీయించాం.

ఉమ్మడి ఆస్తి అయితే ఈ ఏడాదిలోనే అన్నదమ్ముల సంతకాలు, పంచాయతీ కాగితాలు చూసుకోండి. గోడ కొట్టాక గొడవ పడటం కంటే ముందే కూర్చుని మాట్లాడుకోవడం మేలు.

జాకీలతో ఇల్లు లేపితే సరిపోదా?

చాలామంది అడుగుతున్నారు. కాంక్రీటు బెల్టు, సిమెంటు గోడలు ఉన్న ఇళ్లని జాకీలతో లేపుతున్నారు, నిజమే. కానీ మట్టి అడుసుతోనో సున్నంతోనో కట్టిన పద్దెనిమిది అంగుళాల ఇటుక గోడలు, టేకు స్తంభాలు, దూలాల మీద నిలబడ్డ మండువా ఇల్లు ఒకే ముక్కలా లేవదు. స్తంభం ఒక వైపు, గోడ ఒక వైపు లాగుతాయి. పాత కట్టడాలు తెలిసిన ఇంజనీరు స్వయంగా చూసి సరే అంటే తప్ప నేను ఆ వైపు వెళ్లమని చెప్పను.

రెండో మెట్టు: నీళ్లని బయటే ఆపండి

పని మొదలుపెట్టే రోజులు సంక్రాంతి తర్వాత నుంచి జూన్‌లో కాలువలు వదిలేలోపు. ఈ నాలుగైదు నెలల్లో తవ్వకాలు, గోడలు, నేల పూర్తవ్వాలి. కాలువలు కట్టేశాక నేల పొడిబారే రోజులని అస్సలు వృథా చేయకండి.

రెండోసారి పనికి వచ్చిన మేస్త్రీ గారు గోడ వైపు చూడనే లేదు. నేరుగా దొడ్లోకి వెళ్లి మురుగు బోదె దగ్గర గొంతుక్కూర్చుని, "ఆయ్, ముందు నీళ్లకి దారి చూపించాలండి. గోడ సంగతి ఆనక చూద్దాం" అన్నారు. మొదటిసారి వచ్చినాయన సిమెంటు బస్తాల లెక్క మాత్రమే చెప్పాడు. తేడా అక్కడే తెలిసింది.

పెంకుల చూరు నుంచి పడే వాన నీళ్లు గోడ మొదట్లో పడకూడదు. చూరు అంచుకి తొట్టి గొట్టం పెట్టి, కనీసం ఆరడుగుల దూరం తీసుకెళ్లి వదలండి. ఇది చవకైన పని, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే పని కూడా. గోడకి ఆనుకుని ఉన్న పూలకుండీలు, తులసికోట, కాళ్లు కడుక్కునే కుళాయి దూరం జరపాలి. రోడ్డు వేసినప్పుడల్లా గోడకి ఆనించి పోసిన మట్టిని తీసేసి, గోడ కనిపించేలా అడుగు వెడల్పున ఖాళీ వదలండి.

ఆ ఖాళీలోనే మురుగు కందకం వస్తుంది. పునాది ఎంత లోతు ఉందో ముందు ఒక చోట మాత్రమే తవ్వి చూడండి. పాత ఇళ్ల పునాదులు అనుకున్నంత లోతు ఉండవు. పునాది అడుగు కంటే కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ తవ్వకండి. గోడ పొడవునా ఒకేసారి కూడా తవ్వకండి. ఐదారడుగుల ముక్కలుగా తవ్వి, పూడ్చుకుంటూ వెళ్లాలి. కందకంలో చిల్లుల గొట్టం వేసి, చుట్టూ వడపోత గుడ్డ చుట్టి, పొడి లేని కంకర పోయండి. వందడుగులకి అడుగు వాలు ఉండాలి. కొస దొడ్లోని బోదెలో కలపాలి.

డెల్టాలో ఉన్న చిక్కు ఏమిటంటే, వాన గట్టిగా పడినప్పుడు బోదె మన గొట్టం కంటే ఎత్తుకి వస్తుంది. అప్పుడు బయటి నీళ్లు వెనక్కి మన ఇంటికే వస్తాయి. అందుకని కొసన ఒక వైపే తెరుచుకునే రెక్క మూత తప్పనిసరి. దాని వెనక మూడడుగుల లోతు సిమెంటు వరలతో చిన్న గొయ్యి కట్టించి, నీరు పెరిగితే తనంతట తానే తిరిగే చిన్న మోటారు పెట్టించాం. దానికి ఇన్వర్టర్ కనెక్షన్ కూడా ఇప్పించండి. తుఫాను రోజే కరెంటు పోతుంది. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమ వాళ్లకి ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

మండువా కుండీ నుంచి బయటికి వెళ్లే తూము సంగతి మర్చిపోకండి. మా ఇంట్లో ఆ తూము నేల కింద, సరిగ్గా ఈ కొట్టు గది పక్క నుంచే వెళ్తుంది. ఏళ్ల తరబడి ఒండ్రు పేరుకుని సగం పూడిపోయింది. మండువాలో పడ్డ ప్రతి వానా గోడలోకే దిగుతోందని అప్పుడు గానీ తెలియలేదు. వెదురు బద్దలతో ఒండ్రు లాగించి, లోపల కొత్త గొట్టం తొడిగించాం. ఆ ఒక్క పనితో పడమటి గోడలో చెమ్మ జానెడు దిగింది.

మూడో మెట్టు: గోడలు

తొమ్మిదేళ్ల కిందట మొదటిసారి చేసినప్పుడు మాకు చెప్పిన వైద్యం ఇదీ: పాత సున్నం గీకేసి, వాటర్‌ప్రూఫ్ పొడి కలిపిన సిమెంటు పూత, పైన పుట్టీ, దాని మీద మెరిసే పెయింటు, కింద నాలుగడుగుల వరకు టైల్స్. దసరాకి గది పెళ్లి ఇల్లులా ఉంది. రెండో వర్షాకాలానికి టైల్స్ పై అంచు దగ్గర పెయింటు పొక్కులు లేచింది. వేలితో నొక్కితే లోపల తెల్లని పొడి, ఉప్పు. మూడో ఏడు పెచ్చులు ఊడాయి. చెమ్మ అంతకు ముందు మూడడుగుల దగ్గర ఆగేది కాస్తా ఐదడుగులు ఎక్కింది. పైన పటారం, లోన లొటారం.

కారణం తెలిస్తే మళ్లీ ఎవరూ ఆ పని చేయరు. పాత ఇటుక గోడ అడుగున చెమ్మని ఆపే పొర లేదు. నీళ్లు ఇటుకలోకి పాకుతాయి, సున్నపు పూతలోంచి గాలిలోకి ఆరిపోతాయి. పీల్చిన నీరు, ఆరిన నీరు సమానం కాబట్టి ఇన్నేళ్లూ గోడ నిలబడింది. దాని మీద సిమెంటు, టైలు కప్పితే ఆరే దారి మూసుకుంటుంది. పీల్చడం ఆగదు. నీరు ఆరే చోటు వెతుక్కుంటూ ఇంకా పైకి ఎక్కుతుంది. కాబట్టి గోడని మూసేయడం కాదు, ఆరనివ్వడం మన పని.

ముందుగా ఉన్న సిమెంటు, టైల్స్ మొత్తం తీసేయించండి. చెమ్మ గీత కంటే రెండడుగులు పైదాకా తీయాలి. పెద్ద సుత్తి వద్దు. చిన్న ఉలితో, పూతకీ ఇటుకకీ మధ్య పక్కవాటుగా పెట్టి కొట్టాలి. ఇటుక ముఖం ఊడిపోతే ఆ ఇటుక ఇక స్పాంజిలా నీళ్లు తాగుతుంది. ఇటుకల మధ్య వదులైన అడుసు అంగుళం లోతు వరకు గీకాలి. తేలిన ఉప్పుని పొడి కుంచెతో దులిపి, చేటలోకి ఎత్తి, దూరంగా పారబోయాలి. నీళ్లతో కడగకండి. కడిగితే ఉప్పు కరిగి తిరిగి గోడలోకే పోతుంది.

ఆ తర్వాత ఆరనివ్వాలి. తడిసిన గోడ అంగుళానికి ఒక నెల చొప్పున ఆరుతుందని పాత కట్టడాల పని చేసేవాళ్లు చెప్పే లెక్క. పద్దెనిమిది అంగుళాల గోడ ఎండాలంటే ఏడాదిన్నర కావాలి. అంతవరకు ఎవరాగుతారు? అందుకే సున్నం. సున్నపు పూత వేశాక కూడా గోడ లోపల్నుంచి ఆరుతూనే ఉంటుంది. మేం తలుపులు తీసి, ఫ్యాను పెట్టి రెండు నెలలు ఆరబెట్టి పూత మొదలుపెట్టాం.

సున్నం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పని చేయడం తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. గుల్ల సున్నమైనా, రాతి సున్నమైనా కనీసం మూడు వారాలు నీళ్లలో నానబెట్టి, జల్లెడ పట్టి, వెన్నలాంటి ముద్దగా చేయాలి. పచ్చి సున్నం నీళ్లలో వేసినప్పుడు కుతకుత ఉడుకుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ ముట్టనివ్వకండి. కంట్లో పడితే చూపు పోతుంది.

ఇసుక గోదావరి ఇసుకే కావాలి. తీరం దగ్గర ఊళ్లలో చవకగా దొరుకుతుందని ఉప్పు ఇసుక పోయిస్తే మనం దులిపిన ఉప్పుని మనమే కొనుక్కుని గోడకి పూసినట్టు. చిటికెడు నాలుక మీద వేసుకుంటే తెలిసిపోతుంది.

కింది నాలుగడుగులకి ఒక పాలు సున్నం, ఒక పాలు మెత్తని ఇటుక పొడి, రెండు పాళ్లు ఇసుక. బాగా కాలిన ఇటుక పొడి కలిస్తే తడిలో కూడా సున్నం గట్టిపడుతుంది. ఆ పైన ఒకటికి మూడు, సున్నం, ఇసుక. గోడని తడిపి, అర అంగుళం మించకుండా పలచని పూతలు వేయాలి. ఒక పూతకీ ఇంకో పూతకీ మధ్య వారం, పది రోజులు వదలాలి. మేస్త్రీ గారు కరక్కాయలు నానేసిన నీళ్లూ, బెల్లం నీళ్లూ కలిపారు. పాత పద్ధతి అది. వేసిన పూత మీద తడి గోనెపట్టా వేలాడదీసి రోజుకి రెండు మూడుసార్లు చిలకరించాలి. వేసవిలో తొందరగా ఆరితే బీటలు తీస్తుంది.

మొదటి ఏడాది కింది భాగంలో అక్కడక్కడ పొడి రాలుతుంది. భయపడకండి. గోడలో మిగిలిన ఉప్పుని ఆ పూత లాక్కుంటోందన్నమాట. అక్కడ గీకి మళ్లీ పూయడం చిన్న పని. పైన పెయింటు బదులు సున్నమే కొట్టించండి, పలచగా నాలుగు పూతలు. ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఇంత శ్రమా వృథా.

గోడకి రంధ్రాలు చేసి చెమ్మని ఆపే మందు ఎక్కించే పద్ధతి ఒకటి ఉంది. సిమెంటు లేదా సున్నపు అతుకులున్న గోడలో అది పనిచేసే అవకాశం ఉంది. మట్టి అడుసు గోడలో అన్ని చోట్లా ఒకేలా పాకదు. మేం వేయించలేదు.

నాలుగో మెట్టు: నేల

పాత గచ్చు బాగుంటే కదపకండి. మాది పగిలిపోయింది కాబట్టి తీయించాం. పది అంగుళాలు తవ్వి, నేలని గట్టిగా దిమ్మిస కొట్టించి, ఐదంగుళాలు పొడి లేని పెద్ద కంకర పోశాం. కంకర రాళ్ల మధ్య సందులు పెద్దవి కాబట్టి నీరు దానిలోంచి పైకి పాకలేదు. మధ్యలో ఇసుక కలిస్తే ఆ లాభం పోతుంది. కంకర మీద వడపోత గుడ్డ పొర, దాని మీద ఇటుక జల్లి, సున్నం కలిపిన మూడున్నర అంగుళాల పొర, ఆ పైన సున్నంలోనే పరిచిన నాపరాళ్లు.

కింద ప్లాస్టిక్ పట్టా పరవమని చాలామంది చెబుతారు. కొత్త ఇంట్లో మంచిదే. ఇక్కడ నేల కింద తేమ అంతా పక్కలకి, అంటే గోడల్లోకి వెళ్తుంది. మేం వద్దన్నాం. మెరిసే పెద్ద టైల్స్ కూడా వద్దు. వాన ముసురు పట్టినప్పుడు చెమర్చి జారతాయి, పెద్దవాళ్లు పడతారు. ఒకటి గుర్తుంచుకోండి, ఈ నేల చెమ్మని ఆపుతుంది, వరదని ఆపదు.

ఐదో మెట్టు: వెలుతురు

ఇప్పుడు అసలు ఆనందించే పని. గోడ ఆరకముందే దీనికి దిగితే కిటికీ చెక్కలు చెమ్మకి ఉబ్బుతాయి, అందుకే ఇంతవరకు ఆగాం.

మన తేమ వాతావరణంలో కిటికీలు, తెరిచే భాగాలు అన్నీ కలిపి గది వైశాల్యంలో ఆరో వంతుకి తగ్గకూడదని జాతీయ నిర్మాణ నియమావళి చెబుతుంది. మా కొట్టు గది పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు. అంటే 140 చదరపు అడుగులు, ఆరో వంతు సుమారు 23. ఉన్నది ఒకే ఒక్క కిటికీ, మూడు చదరపు అడుగులు. ధాన్యానికి వెలుతురు అక్కర్లేదు కాబట్టి అప్పుడలా కట్టారు.

వెలుతురు ఎటు నుంచి తేవాలి? రోడ్డు వైపు నుంచి కాదు. అటు గోడ కింది భాగం రోడ్డు కంటే పల్లంలో ఉంది, దుమ్ము, చప్పుడు, దారిన పోయేవాళ్ల చూపు. మండువా వైపు నుంచి తేవాలి. ఆకాశాన్ని ఇంటి మధ్యలోకి దించడానికే కదా మన పెద్దలు మండువా కట్టింది. వాన జల్లు పడుతోందనో, కోతులు దిగుతున్నాయనో చాలా ఇళ్లలో దాని మీద రేకు వేసేశారు. మేమూ వేశాం. ఆ రేకు తీయించిన రోజు, ఇంకా గోడ కొట్టకముందే, ఇంట్లో నాలుగు గదులూ ఒక్కసారిగా తెల్లబడ్డాయి. అమ్మ వంటింట్లోంచి వచ్చి, లైటు ఎవరు వేశారని అడిగింది. కోతులకి ఇనుప జాలీ చాలు. జల్లు తప్పదు, కానీ ఆ నీళ్లు పోవడానికే కుండీ, తూమూ ఉన్నాయి.

కొత్త కిటికీలు వెడల్పు కంటే ఎత్తు ఎక్కువ ఉండాలి. కిటికీ పై అంచు ఎంత ఎత్తున ఉంటే, దానికి రెండు, రెండున్నర రెట్ల దూరం వరకు పగటి వెలుతురు లోపలికి అందుతుంది. మేం మండువా వైపు గోడలో రెండున్నర అడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తున్న కిటికీలు రెండు పెట్టాం. అవే 25 చదరపు అడుగులు. రెండూ మధ్యకి కాకుండా చెరో వైపుకి పెట్టడం వల్ల పక్క గోడ మీద వెలుతురు పడి గదంతా పరుచుకుంటుంది.

గోడ కొట్టడం ప్రాణాలతో పని. ఈ గోడల మీదే ఇంటి బరువంతా ఉంది. దూలం ఆనిన చోటు కింద కొట్టకండి. మూలకి రెండడుగుల లోపు కొట్టకండి. నాలుగడుగుల కంటే వెడల్పు తెరవకండి. ముందు పైన దూలాలకి కింద నుంచి పోట్లు, అంటే ఆసరా గుంజలు, పెట్టాలి. ఆ తర్వాత గోడ మందంలో సగం మాత్రమే తొలిచి అందులో లింటెల్ (కిటికీ పైన గోడ బరువు మోసే అడ్డ దిమ్మె) సగం కూర్చాలి, రెండు పక్కలా తొమ్మిదంగుళాల ఆనిక ఉండేలా. అది గట్టిపడ్డాక రెండో వైపు నుంచి మిగతా సగం. లింటెల్ మొత్తం కూర్చున్న తర్వాతే దాని కింద ఇటుకలు తీయాలి. ఇంజనీరుకి ఇచ్చే ఫీజు దగ్గర పొదుపు చేయకండి.

పద్దెనిమిది అంగుళాల మందం గోడలో కిటికీ పెడితే సొరంగంలా ఉంటుంది. అందుకని లోపలి పక్కల్ని ఏటవాలుగా, గదిలోకి విచ్చుకునేలా చెక్కించండి. కింది గట్టుని కూడా కాస్త వాలుగా చేయించి, తెల్ల సున్నం కొట్టించండి. ఆ ఏటవాలు ముఖాల మీద వెలుతురు పడి మెత్తగా లోపలికి జారుతుంది. పాత కోటల్లో ఇదే పద్ధతి కనిపిస్తుంది. కిటికీకి ఎదురుగా ఉన్న మండువా గోడకి కూడా తెల్ల సున్నం వేయించాం. అది రెండో ఆకాశంలా పనిచేస్తోంది.

గది వెనక భాగం ఇంకా చీకటిగా ఉంటే అటక వైపు చూడండి. మా అటక మీద చెక్క పలకల్లో మూడో వంతు తీసేశాం. దూలాలు మాత్రం ముట్టలేదు. అవి రెండు గోడల్నీ పట్టి ఉంచుతాయి, కోస్తే గోడలు విడిపోతాయి. ఆ ఖాళీకి సరిగ్గా పైన పెంకుల కప్పులో ఆరు మామూలు పెంకులు తీసి, అదే అచ్చులో వచ్చే అద్దపు పెంకులు పెట్టాం. ఇవి మంగుళూరు పెంకుల కొలతలో దొరుకుతాయి, మనవాళ్లు బెంగుళూరు పెంకులంటారే, అవే. గూన పెంకుల ఇల్లయితే ఈ దారి లేదు. అద్దపు పెంకులు ఉత్తరపు వాలులోనే పెట్టండి. దక్షిణం, పడమర అయితే వేసవిలో గది పొయ్యి అవుతుంది. కొబ్బరిచెట్టు తల ఇంటి మీదికి వాలి ఉంటే అద్దం పెట్టకండి. కోనసీమలో ఆకాశం నుంచి వాన ఒక్కటే పడదు, మట్టలు, కాయలు కూడా పడతాయి. పెట్టక తప్పదంటే కింద గట్టి జాలీ బిగించండి.

పని అయ్యాక మేం చేసిన పరీక్ష ఇది: మబ్బు పట్టిన రోజు సాయంత్రం నాలుగింటికి, లైటు వేయకుండా, గదిలో అన్నిటికంటే వెనక మూల పీట వేసుకుని దినపత్రికలో చిన్న ప్రకటనలు చదవాలి. కళ్లు చికిలించకుండా చదవగలిగితే పాసైనట్టే.

ఆరో మెట్టు: చెక్క, కరెంటు, గాలి

దూలాల కొసలు గోడలో దూరే చోట సన్నని మేకుతో గుచ్చి చూడండి. అర అంగుళం కంటే లోపలికి మెత్తగా దిగితే ఆ కొస కుళ్లింది, వడ్రంగి చేత అతుకు వేయించాలి. చెదకి మట్టి గూళ్లు దులిపితే సరిపోదు, అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకాలి. బావి ఉన్న దొడ్లో చెద మందు నేలలోకి పోయించకండి, ఆ నీళ్లు మళ్లీ మనమే తాగుతాం. చెక్కకి జీడిపిక్కల తొక్క నుంచి తీసే నూనె పూయడం మన తీరంలో పడవలకి కూడా చేసే పాత పద్ధతి. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, కాబట్టి తెలిసిన మనిషి చేత, తొడుగులతోనే పూయించండి.

స్విచ్‌లు, ప్లగ్గులు వరద గీతకి పైనే. చెమ్మ గదిలో, కరెంటు లీకైన వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ట్రిప్ స్విచ్ లేకుండా కరెంటు ఇవ్వకండి. రాత్రి వెలుతురుకి పైన ఒకే తెల్ల ట్యూబు కంటే, గోడ మీదికి వెలుగు పడేలా రెండు మూడు పసుపు ఛాయ బల్బులు పెడితే సున్నపు గోడ ఎంతో అందంగా ఉంటుంది.

గాలికి రోడ్డు వైపు గోడలో, పైకప్పు దగ్గరగా మూడు చిన్న గవాక్షాలు తీశాం. మండువా నుంచి వచ్చిన గాలి గదిలోంచి పోయి అటు బయటపడుతుంది. ముసురు రోజుల్లో మధ్యాహ్నం తలుపులన్నీ బార్లా తెరవకండి. బయటి వేడి తేమ గాలి చల్లని నేలకి తగిలి చెమరుస్తుంది. పొద్దున్నే, రాత్రి తెరవండి. బీరువాలు, మంచాలు గోడకి నాలుగు వేళ్ల దూరంలో ఉంచండి.

మొదటి వర్షాకాలం

గదిలోకి వెంటనే పూర్తిగా చేరిపోకండి. కర్టెన్లు, చెక్క అల్మారాలు ఒక వర్షాకాలం ఆగాలి. ప్రతి పౌర్ణమికి గోడ మీద చెమ్మ ఎక్కడి వరకు ఉందో పెన్సిల్‌తో సన్నగా గీసి తేదీ రాయండి. మోటారు గొయ్యి మూత తీసి ఒండ్రు తోడించండి. రెక్క మూతలో కొబ్బరి పీచు ఇరుక్కుందేమో చూడండి, మాది మొదటి నెలలోనే అలా ఇరుక్కుని తెరుచుకుని ఉండిపోయింది. గీతలు ఏడాదికేడాది దిగుతుంటే పని సరిగ్గా జరిగినట్టు. ఒక్క చోటే ఎక్కుతుంటే ఆ గోడకి వెనక, బయట, తప్పకుండా ఏదో ఒక నీళ్ల దారి ఉంటుంది.

మా పడమటి గోడ మీద ఇప్పుడు అలాంటివి పదమూడు గీతలున్నాయి. అన్నిటికంటే కింది గీత మోకాలి దగ్గర ఉంది. దానికి ఎదురుగా, మండువా కిటికీ కింద, అమ్మ పొద్దున్న పది నుంచి పొద్దు వాలే వరకు కూర్చుని పూలు కడుతుంది.